మా బావి ఇజ్జత్

మా పసుపు చేనులోని పాత బావిని కేంద్రం వాళ్ళ నీటి విభాగం పరిశీలన బావిగా ఎంచుకుంది. ఏడాదికి నాలుగుసార్లు ఒక సారు జీపులో వచ్చి, టేపు వదిలి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో రాసుకుని పోతాడు. ఎంచుకున్న రోజు నుంచీ మా ఆయనకది బావి కాదు, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టిన బిడ్డ.

నిజానికి దాని ఊట ఎప్పుడో చచ్చింది. బోరు సన్నగా పోస్తుంది కాబట్టి ఆ నీళ్ళు బావిలో నింపుకుని, ఇంకో మోటారుతో ఒక్క ఊపున చేనుకు పెడతాం. మా దగ్గర అందరూ చేసేదే. సారు వస్తున్నాడని ఫోను రాగానే మాత్రం మా ఆయన చేనుకు నీళ్ళు ఆపేసి, రెండు రోజులు బోరును బావిలోకే వదిలేవాడు.

"సర్కారోళ్ళు జూసే బావి. అడుగు కనవడితే ఇజ్జత్ ఏముంటది?" అనేవాడు.

బావి సోకు చేసుకుంటే నాకేం పోయిందని నేనూ ఊరుకున్నాను.

కిందటేడు దసరాకు, సరిగ్గా దుంప ఊరే వేళ, బోరు ఆగి ఆగి పోయడం మొదలైంది. పసుపు ఆకుల అంచులు మాడాయి. పోచంపాడ్ కాలువ నుంచి మా చెరువు నింపమని ఊరంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. మీ భూమిలో నీళ్ళు సరిపడా ఉన్నాయి, అవసరం లేదు అని జవాబు వచ్చింది. ఎవరు చెప్పారని నిజామాబాద్ నీటిపారుదల ఆఫీసుకు పోయి దెబ్బలాడితే, గుమాస్తా కంప్యూటర్ నా వైపు తిప్పాడు. ఊరంతటికీ ఒకే బావి లెక్క. అది మాదే.

ఇంటికొచ్చి అన్నాను: "నీ ఇజ్జత్ నిండ నీళ్ళున్నయట. చేను ఎండితే ఎండనియ్యి."

"గా అంకెతోని గింత పని ఉంటదని నాకేం ఎరుక?"

"మరి ఏడాదికి నాలుగుసార్లు నీ మొఖం జూడనీకి వస్తుండా?"

కార్తీకంలో సారు ఫోను చేస్తే, బోరు పైపును నేనే నేరుగా చేనుకు తిప్పించాను. సారు టేపు వదిలితే రాయికి తగిలింది.

"ఎండిపోయిందే అమ్మా."

"ఎండి చానా ఏండ్లయింది సార్. మీరు కొలిసింది మా బోరు నీళ్ళు. గదే రాయుండ్రి."

"రాస్తాను. కానీ ఎండిన బావి మాకు పనికిరాదు. దీన్ని తీసేసి పక్కన ఇంకోటి చూసుకుంటాం."

"మరి పాత అంకెలు?"

"అవి అలాగే ఉంటాయి."

పక్క చేను మా బావది, మా ఆయనకు అన్న వరస. గట్టు మీద నిలబడి అంతా విన్నాడు. "సార్, మాది జూడుండ్రి. మస్తు నీళ్ళున్నయి" అని పిలిచాడు. ఆయన బావిలోకి బోరు ధార పడుతూనే ఉంది.

"బావా, ముందు పైపు దియ్యి. చెరువు నింపమని నువ్వు గూడ సంతకం పెట్టినవ్."

"గది వేరే కాగితం గద."

నేను పోయి, టేపు వదలనియ్యకుండా ఆ బావి ఒర మీద అడ్డంగా కూర్చున్నాను. పైపు తీసి, నాలుగు రోజులాగి కొలవమన్నాను. తనకు ఈ మండలానికి ఇవాళ ఒక్కరోజే ఇచ్చారని సారు గడియారం చూసుకున్నాడు. బావ పైపు తీయలేదు, నేను లేవలేదు. జీపు వెళ్ళిపోయింది.

ఆ ఏడు మా పసుపు కొమ్ము నా చిటికెన వేలంత కూడా ఊరలేదు. ఇప్పుడు మా ఊరికి పరిశీలన బావే లేదు. చెరువు సంగతి అడిగితే, ఈ ఏటి లెక్కలు లేని ఊరికి ఏమని రాయాలమ్మా అంటున్నారు ఆఫీసులో.