నలభై ఒక్క అలారాలు

2024 మే నెల. ఫరీదాబాద్‌లో ఒక రవాణా కంపెనీ యార్డు. రేకుల షెడ్డు కింద నాకొక బల్ల, ఒక కూలరు ఇచ్చారు. నేను ట్రక్కుల డీలరు దగ్గర సర్వీస్ ఇంజినీరును. ఆ కంపెనీ మా దగ్గర కొత్త మోడల్ ట్రాక్టర్ ట్రెయిలర్లు పది కొన్నది. ట్రాక్టరంటే పొలం దున్నేది కాదు, ఇంజనూ క్యాబినూ ఉండే ముందు భాగం. దాని వెనక తగిలించే పొడుగాటి బండి ట్రెయిలర్. కొత్త బళ్ల గురించి డ్రైవర్లు, మెకానిక్కులు ఏమనుకుంటున్నారో తెలుసుకుని రాయడం నా పని.

డ్రైవర్లు ఏసీ క్యాబిన్‌ను మెచ్చుకున్నారు. క్లచ్ తొక్కే పని లేదు, గేర్లు వాటంతటవే మారతాయి. "సాయంత్రానికి కూడా ఎడమ మోకాలు నాదేననిపిస్తోంది" అన్నాడొకాయన. మెకానిక్కులకు మాత్రం బండి నచ్చలేదు. వాళ్ల పెద్ద ఇక్బాల్ భాయ్ మొహం మీదే చెప్పాడు. "ఇదివరకు ఇంజను దగ్గు విని రోగం చెప్పేవాణ్ని, మేడమ్ జీ. ఇప్పుడు మీ లాప్‌టాప్ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి."

డ్రైవర్లూ మెకానిక్కులూ కలిసి తిట్టేది ఒక్కదాన్నే. డ్రైవర్ మానిటరింగ్ సిస్టమ్. స్టీరింగు ముందుండే చిన్న కెమెరా అది. డ్రైవరు కళ్లు రెండు క్షణాలు మూతపడినట్టు కనిపిస్తే అలారం మోగుతుంది, సీటు వణుకుతుంది, ఆఫీసుకు మెసేజ్ వెళ్తుంది. అలారాలు ఎక్కువైతే ఆ డ్రైవరును బండి మీంచి దింపేయాలని కంపెనీ నియమం పెట్టింది. మెసేజ్‌లు నా ఫోనుకూ వచ్చేవి. ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతున్నా పర్సులో ఫోను వణుకుతూనే ఉండేది.

నెలాఖరుకు రిపోర్టు వచ్చింది. తొమ్మిదిమంది డ్రైవర్లకు ఒకటో రెండో అలారాలు, కొందరికి అవీ లేవు. సూర్యారావు అనే ఆయనకు మాత్రం నలభై ఒకటి. ఆయనది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. ఇటు వచ్చి పాతికేళ్లు దాటింది. లోపం మెషీన్‌దా, మనిషిదా తేల్చమని కంపెనీ మేనేజరు మెహతా గారు అడిగారు. కెమెరాకు లాప్‌టాప్ తగిలించి పరీక్షించాను. అంతా సవ్యంగానే ఉంది. 'పరికరంలో లోపం లేదు, డ్రైవరును తప్పించడం మంచిది' అని రాసిచ్చాను. అరగంట పని. ఆ సాయంత్రమే ఆయన దగ్గర తాళాలు తీసుకున్నారు. మీ వైపు మనిషే కదా, మీరే నచ్చజెప్పండని నన్ను పంపారు.

"సూర్యారావు గారూ, మీకు నిద్ర సరిపోవడం లేదా?"

"ఏటమ్మా ఆ మాట? నిద్దరొస్తే బండి పక్కకి తీసి పడుకుంటాను. ఇన్నేళ్లలో నా బండి కింద ఒక్క గొడ్డు కూడా పడలేదు."

"కెమెరా నలభై ఒక్కసార్లు పట్టిందండీ."

"అందులో ఒకటి నిజమే. మిగతా నలభై సంగతి నాకు తెలీదు."

ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. తప్పించుకునేవాడైతే అన్నీ అబద్ధమనేవాడు కదా! ఆయన రోజూ పొద్దున్నే వచ్చి, సంచీ ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర కూర్చునేవాడు. ఎవరూ పిలిచేవారు కాదు. ఆ గేటు దాటేటప్పుడు నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించేదాన్ని.

నాలుగో రోజున పూర్తి డేటా తెరిచాను. అంతకుముందు నేను చూసింది మొత్తం అంకె ఒక్కటే. పక్కనే వేళలు కూడా ఉన్నాయి. నలభై అలారాలు సాయంత్రం నాలుగుకూ ఆరుకూ మధ్య మోగినవే. ఒక్కటి మాత్రం మధ్యాహ్నం రెండింటప్పుడు. వెంటనే మెహతా గారి దగ్గరికి వెళ్లి, సూర్యారావుతో ఒక్క ట్రిప్పు వెళ్తానన్నాను.

"రిపోర్టు మీరే ఇచ్చారుగా? ఇప్పుడేమైంది?"

"అనుమానం వచ్చింది సర్. ఒక్క ట్రిప్పు చాలు."

"ఠీక్ హై. ఒక్కటే."

మర్నాడు మధ్యాహ్నం కారు విడిభాగాల లోడుతో బావల్ బయల్దేరాం. పల్వల్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి పడమటికి తిరిగేసరికి ఎండ సూటిగా మొహం మీద కొట్టింది. ఆయనేమో పొట్టి మనిషి. అద్దం పైనుండే రేకు ఎంత దించినా ఆయన కళ్లదాకా నీడ రాదు. అసలే లోతు కళ్లు, వాటిని బాగా చికిలించి నడుపుతున్నాడు. తన కూతురి నర్సింగ్ చదువు గురించి చెబుతూ ఉండగా మాట మధ్యలో అలారం మోగింది. సీటు వణికింది. ఆయన మాట ఆపలేదు. మానేసర్ చేరేలోపు మరో ఆరుసార్లు మోగింది.

"ఎండలో కళ్లు చికిలించకుండా బండెలా తోల్తానమ్మా?" అన్నాడు.

"మిగతావాళ్లూ ఈ దారినే వస్తారుగా? వాళ్లకెందుకు మోగదు?"

"అది నన్నడక్కండి."

"పోనీ ఆ ఒక్క నిజం సంగతి చెప్పండి."

"కోట్‌పుత్లీ ఊరు దాటాక. అన్నం తిని ఎక్కాను. కునుకు పట్టినట్టు నాకే తెలీలేదు. సీటు వణికి కళ్లు తెరిస్తే ఎదురుగా ఇటుకల ట్రాలీ, దాని మీద నలుగురు ఆడోళ్లు. బ్రేకు మీద లేచి నిలబడ్డాను." గడ్డంతో కెమెరా వైపు చూపించాడు. "అందుకే, అందరూ కప్పినా నాకు దాన్ని కప్పబుద్ధి కాలేదు."

అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

మర్నాడు యార్డులో నిలబడి ఉన్న బళ్లెక్కి చూశాను. కెమెరా అద్దాల మీద నల్ల టేపు ముక్కలు, టేపు పీకేసిన చోట జిగురు. ఇక్బాల్ భాయ్ నా వెనకే వచ్చాడు. "సర్వీసుకొచ్చినప్పుడల్లా నేనే గీకి తీస్తాను. గేటు దాటగానే మళ్లీ అంటిస్తారు. పేర్లు మాత్రం చెప్పకండి మేడమ్ జీ. అందరివీ ఇళ్లూ పిల్లలే." 'కెమెరాకు అడ్డం' అని డేటాలో వేరే వరుసే ఉంది. దాన్ని రిపోర్టులో చూపమని ఎవరూ అడగలేదు, నేనూ చూడలేదు.

రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. చెబితే తొమ్మిదిమంది వీధిన పడతారు. చెప్పకపోతే, అందరిలోకీ నిజాయితీగా ఉన్న ఒక్కడు పడతాడు. చివరికి మెహతా గారి గదిలోకి వెళ్లి, నా రిపోర్టు తప్పు, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఎండ సంగతి వివరించాను. మరి మిగతావాళ్లకెందుకు మోగలేదని, నేను అడిగిన ప్రశ్నే ఆయనా అడిగారు.

"మిగతావాళ్లను ఆ కెమెరా చూడనే లేదు సర్. కప్పేశారు."

"ఎవరెవరు?"

"పేర్లు రాసుకుంటే రేపు బళ్లు తోలేవాళ్లుండరు. దింపేస్తారన్న భయంతోనే కప్పారు. ముందు ఆ నియమం తీసేయండి."

"మరి లక్షలు పోసి ఆ కెమెరా దేనికి కొన్నట్టు?"

"డ్రైవరును నిద్ర లేపడానికి సర్."

ఆయన మా డీలరుకు ఫోను చేసి నా మీద గట్టిగానే ఫిర్యాదు చేశారు. నాకు చీవాట్లు పడ్డాయి. అయినా పదకొండో రోజున సూర్యారావుకు తాళాలు తిరిగి ఇచ్చారు. నియమాన్ని రెండు నెలలు పక్కన పెట్టారు. ఎండకు మేం పెద్ద రేకులు బిగించాం. కొన్ని టేపులు ఊడాయి. రెండు బళ్లలో మాత్రం నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఊడలేదు.

తాళాలు ఇచ్చిన రోజు నేను ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆయన కోపగించుకోలేదు, నవ్వనూ లేదు.

"పొరపాటు ఎవరికైనా అవుద్దమ్మా. కానీ ఆ కాయితం రాసే ముందు ఒక్కసారి నా పక్క సీట్లో కూకుంటే సరిపోయేది కదా?"

ఆ తర్వాత డ్రైవరు పక్కన కూర్చుని ప్రయాణం చేయకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అయితే అంతకుముందు ఎనిమిదేళ్లలో, బండెక్కకుండా, షెడ్డులోనే కూర్చుని రాసిచ్చిన కాగితాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎంతమంది సూర్యారావులున్నారో నాకిప్పటికీ తెలియదు.