ఏడ్వనియ్యమన్న పిల్ల

రాత్రి నా బిడ్డ ఏడిస్తే ఇంట్లో అందరికీ నిద్ర చెడేది. ఏడ్వకపోతే నాకు చెడేది.

పోలీసు యాక్షన్ అయిన ఏడాది, నెలల బిడ్డతో ఆలేరు స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్కన ఓ ముసలమ్మ, చిరుగుల గొంగడి కప్పుకున్న పదేళ్ల మనవరాలు. కూలికి పోతున్నారట.

సిపాయిలు అందరి మూటలూ విప్పించి చూస్తూ మా వైపు వస్తున్నారు. అప్పుడే నా బిడ్డ ఏడుపు అందుకుంది. భయంతో కొంగు పెట్టి దాని నోరు మూశాను.

ఆ పిల్ల నా చెయ్యి లాగేసింది.

"మూయకక్కా! ఏడ్వనియ్యి."

"వాళ్లొస్తున్నరు కదా, బిడ్డా."

"రానియ్యి. జొన్నచేన్ల దాక్కున్నప్పుడు మా అమ్మ తమ్ముణ్ణి గిట్లనే మూసింది. తుపాకులోళ్లు పోయినంక చూస్తే ఊపిరి లేదు."

"ఏందే పిల్లా, యాడ పడితే ఆడ గా ముచ్చటేనా?" అని అవ్వ కసిరింది.

కొంగు తీశాను. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చింది. ఒక సిపాయి ఆగి, నా మూటలోని పాతగుడ్డలు కెలికి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల నా బిడ్డ గుండెల మీద చెయ్యి పెట్టి కాసేపు చూసింది. తర్వాత ఒడిలోంచి చింతగింజలు తీసి నేల మీద పోసి, "అక్కా, ఆడ్తవా?" అంది.