దేవుడి ముందు పెట్టిన కర్ర అచ్చు

పొట్నూరు నూకయ్యను నేను మొదటిసారి చూసినది 1984లో, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో నేను పాఠాలు చెప్పే తెలుగు బడిలో. కూతురు గంగాభవానిని ఆరో తరగతిలో చేర్పించడానికి వచ్చాడు. ఏం పని చేస్తావని అడిగాను.

"కర్రతో ఇనుము సేత్తానమ్మా," అన్నాడు.

నేను ముఖం చిట్లించేసరికి నవ్వాడు. "నాను కర్ర అచ్చు సెక్కుతాను. దాన్ని ఇసకలో నొక్కి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోత్తారు."

రైలు బండ్ల భాగాలు పోతపోసే ఒక ఫౌండ్రీలో అతని ఉద్యోగం. 1987లో అతనికొక కొత్త పని అప్పగించారు: సైన్యపు టాంకులను రైలు బండిపై కదలకుండా పట్టి ఉంచే కొక్కెం. ఆ కొక్కెమును చూస్తే మన బండి ఎంత బరువు మోయగలదో తెలిసిపోతుందట. కనుక అది బయటివారి కంట పడరాదని ఆజ్ఞ. నూకయ్య ఇంట్లో సైతం దాని ఊసెత్తలేదు.

అయితే విశ్వకర్మ పూజనాడు ఫౌండ్రీ గేట్లు ఊరందరికీ తెరుస్తారు. ఆ ఏడు చేసిన కొత్త వస్తువుకు బొట్టు పెట్టి దేవుడి పాదాల దగ్గర ఉంచడం ఆ పనివారి ఆచారం. నూకయ్య తన అచ్చును అక్కడే పెట్టాడు. ప్రసాదానికి నిలబడిన నేను, ఒక అపరిచితుడు ఫోటో తీయడం చూశాను, విగ్రహాన్ని తీస్తున్నాడనుకున్నాను.

రెండేళ్ళకు ఒక విదేశీ కంపెనీ అదే కొక్కెముపై పేటెంటు పొందింది. దేశ భద్రతకు ద్రోహమంటూ విచారణ మొదలైంది.

"ఎవరికి చూపించావు?"

"విశ్వకర్మకి సూపించినాను సార్."

నేను వెళ్ళి చూసినదంతా సాక్ష్యం చెప్పాను. "అంటే రహస్యాన్ని నలుగురి ముందూ పెట్టినట్టే కదా, దీదీ?" అన్నాడు విచారణాధికారి. నూకయ్య ఉద్యోగం పోయింది.

బజారులో పాత నేస్తాలే వేళాకోళమాడేవారు: "ఏటి దాదా, టాంకుని ఎంతకి అమ్మినావేటి?" మొదట్లో అతడూ నవ్వేవాడు. గంగాభవాని మాత్రం ఆ మాట నమ్మింది. ఫౌండ్రీ ఇచ్చిన క్వార్టరు ఖాళీ చేసిననాటి నుండి తండ్రితో మాట్లాడటం మానివేసింది. అతడు పెట్టుకున్న అప్పీళ్ళన్నీ తోసివేశారు. చెక్క పెట్టెలకు మేకులు కొట్టి బ్రతికాడు.

1996 వానాకాలంలో ఆసుపత్రికి వెళ్ళి నూకయ్యను చూశాను. పెళ్ళయి టాటానగర్‌లో ఉన్న కూతురికి కబురు పంపినా ఆమె రాలేదు. ఊపిరి అందక, ఒక్కొక్క మాటా కూడదీసుకున్నాడు.

"మేస్టరమ్మా, సర్కారోళ్ళు ఏటనుకుంటే అనుకోనీండి. నాను దాన్ని అమ్ముకోలేదని మా గంగకి సెప్పరా? నా మాట ఇనదు. మీరు సెప్తే నమ్ముతాదేమో."