మిగిలిన బిళ్ళలు

మా ఆవిడ పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. మా గోల్‌మురి పేటలోనే రెండు సందుల అవతల ఉంటుంది. మాలాగే పని కోసం ఈ హిందీ ఊరికి వచ్చిన శ్రీకాకుళం వైపు వాళ్ళు. చేతిలో బిళ్ళలు అయిపోయిన ఖాళీ స్ట్రిప్పు ఉంది.

“ఏటీ అనుకోకు అన్నియ్యా. వదిన బిళ్ళలేటైనా మిగిలాయా? మా ఆయనకీ ఇయ్యే రాసేరు డాక్టరు. కొనలేకపోతన్నాం.”

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో అగరొత్తుల వాసన కూడా పోలేదు, అప్పుడే పంపకాలా అనుకున్నాను. కానీ అంతలోనే పాత సంగతి తట్టింది. మా ఆవిడ కూడా ఒకసారి పర్సుడీహ్‌లో ఓ చావింటికి వెళ్ళి ఇలాగే అడిగి తెచ్చుకుంది. నాది కాంట్రాక్టరు దగ్గర కొలువు, కంపెనీ ఆసుపత్రి కార్డు లేదు. గుండె మందులు నెలకు సరిపడా కొనే స్తోమత మాకెప్పుడూ లేదు. ఆ పరాయి బిళ్ళలు మింగేముందు ప్రతిసారీ పోయినావిడకు ఓ దణ్ణం పెట్టుకునేది. నేను వేళాకోళం చేసేవాణ్ణి.

మందుల డబ్బా తెచ్చి మంచం మీద గుమ్మరించాను. అన్నీ కత్తెరతో కోసిన ముక్కలే. ఆవిడ తన ఖాళీ స్ట్రిప్పుతో పేరు సరిచూసుకుని, ఒక్కొక్కటే కొంగున కట్టుకుంది.

“అయిపోతే మళ్ళీ వత్తాను,” అనేసి నాలిక కరుచుకుంది.

మళ్ళీ ఇవ్వడానికి నా దగ్గరేముందని? ఆవిడ వెళ్ళాక ఇల్లు మరీ ఖాళీ అయిపోయింది. బిళ్ళ వేసుకున్నావా అని గదమాయించడానికి కూడా ఎవరూ లేరు.

జీతం వచ్చిన రోజున మందులకని కొంత తీసి, అలవాటుగా చొక్కా జేబులో పెట్టుకున్నాను. పెట్టుకున్నాక గుర్తొచ్చింది. ఆ నోట్లు బీరువాలో దాచబుద్ధి కాలేదు. ఆటో ఎక్కి సాక్చి వెళ్ళి, ఎప్పుడూ కొనే కొట్లో మా ఆవిడ మందుల చీటీ చూపించాను. కొట్టతను మామూలుగా కత్తెర తీశాడు.

“కాటో మత్, పూరా దేనా,” అంటూ మొదటిసారి నిండు స్ట్రిప్పు అడిగాను.

అతను కత్తెర పక్కన పెట్టి నవ్వాడు. “ఆంటీజీ కైసీ హై?”

“ఠీక్ హై,” అన్నాను.

తిన్నగా ఆ శ్రీకాకుళం ఆవిడ ఇంటికే వెళ్ళి స్ట్రిప్పు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదీ మిగిలిందేనేటి అన్నియ్యా?”

మిగిలిందేనన్నాను.

ఇప్పటికీ నెలనెలా ఆ కొట్టుకే వెళ్తున్నాను. దగ్గర్లో వేరే కొట్లు లేక కాదు. అతను ఆంటీజీ ఎలా ఉందని అడుగుతాడు, బాగానే ఉందంటాను. ఈ ఊళ్ళో ఆమె ఇంకా బతికున్నది అక్కడొక్కచోటే.