హెలెన్ లేని రోజు వినిపించిన అక్షరం

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఒళ్లు మంట. మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసినదాన్ని. రెండోసారి టెస్ట్ చేసినా అదే రిజల్ట్ వస్తేనే నమ్ముతాను. ఇది చదివి "పాపం, ఈవిడకి మతి చలించింది" అనుకునేవాళ్లు అనుకోండి, నాకేం నష్టం లేదు.

2009లో మావారు గుండెపోటుతో పోయారు. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక ఈ దేశంకాని దేశంలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో నేనొక్కదాన్నే మిగిలాను. ఆఫీసు నుంచి రావడం, బ్లైండ్స్ మూసేసి కూర్చోవడం. అన్నం సహించేది కాదు.

కింద ఫ్లాట్‌లో ఉండే హెలెన్ ఒక శనివారం తలుపు కొట్టింది. రిటైరైన టీచరు, డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు రాజమండ్రిలో వయొలిన్ నేర్చుకున్నానని ఎప్పుడో చెప్పానట, గుర్తుపెట్టుకుంది. మా సంగీత బృందంలో ఒకరు తగ్గారు, రమ్మంది. రానంటే వినదే! ఫోన్‌లో మా అమ్మాయి కూడా ఆవిడకే వంత పాడింది. "గో అమ్మా, ప్లీజ్. ఇంట్లో ఒక్కదానివే కూర్చుంటే క్రేజీ అయిపోతావ్."

వాళ్లు వాయించేది వయోల్. పేరు విని వయొలినే అనుకున్నాను, కాదు. మోకాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయిస్తారు, మన వీణకున్నట్టు మెట్లుంటాయి. నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో జనం ఇళ్లల్లో కూర్చుని తమ కోసం తాము వాయించుకున్న సంగీతమట. ఐదుగురికీ ఐదు వేరువేరు వరసలు. పాడేవాళ్లుండరు, తాళం వేసేవాళ్లుండరు. ఎవరి కాగితంలో వాళ్ల వరసే ఉంటుంది.

అక్కడే నా కొంప మునిగింది. మన కచేరీలో వయొలిన్ పాడేవాళ్ల వెంట నడవాలి. ఆ అలవాటు నా చేతిలోంచి పోదు. మా ఐదుగురిలో నా పక్కన కూర్చునే టామ్ వరస ఇంపుగా వినిపిస్తే చాలు, నా కమాను దాని వెంట పడేది. ఇంకేముంది, దారి తప్పడమే. అప్పుడు హెలెన్ తన పెద్ద వయోల్ ఆపకుండానే "ఎఫ్!" అనో "జీ!" అనో అరిచేది. కాగితాల మీద అక్కడక్కడ ఆ అక్షరాలు గుర్తులుగా ఉంటాయి. తప్పిపోయినవాళ్లు అక్కణ్ణుంచి కలిసిపోవాలి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు ఆ తల్లి. నేను మళ్లీ కడుపునిండా అన్నం తిన్నానంటే ఆ శనివారాల పుణ్యమే.

మూడేళ్లకి ఆవిడకి క్యాన్సర్ వచ్చింది. పోయే ముందు ఒక్కటే అడిగింది. నేను పోయాక చర్చి హాల్లో పెట్టే సంతాపసభలో ఉపన్యాసాలు వద్దు, మనం ఎప్పుడూ పూర్తిచేయలేకపోయిన ఆ పీస్ ఆగకుండా చివరిదాకా వాయించండి, అందులో నువ్వుండాలి అంది.

ఆ సభ జరిగిన మధ్యాహ్నం హెలెన్ స్థానంలో ఫిలడెల్ఫియా నుంచి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. సగం దాటాక అనుకున్నంతా అయింది. కళ్లల్లో నీళ్లు తిరిగి కాగితం మసకబారింది, నా చేయి టామ్ వెంట పోయింది. చూస్తే టామ్ కూడా తడబడుతున్నాడు. ఆవిడ అడిగిన ఒక్క పనీ చేయలేకపోయానే అనుకున్నాను.

"జీ!"

హెలెన్ గొంతే. ఆవిడ ఎప్పుడూ కూర్చునే వైపు నుంచే. నా కళ్లు ఆ అక్షరం మీద పడ్డాయి. నేనూ టామ్ ఒకేసారి కలిశాం. చివరి స్వరం దాకా ఎక్కడా ఆగలేదు.

తర్వాత ఆ ఫిలడెల్ఫియా ఆయన్ని అడిగాను, మీరేమైనా అరిచారా అని. లేదన్నాడు. ముందు వరసలో కూర్చున్న మా అమ్మాయి ఏ అరుపూ వినలేదంది. దుఃఖంలో మనసు చేసే మాయలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంతలో టామ్ వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "థాంక్యూ లతా" అన్నాడు. తను పూర్తిగా తప్పిపోయాడట. నేను "జీ" అని అరవకపోతే అంతా ఆగిపోయేదట. నీ గొంతు నాకు తెలియదా అని నవ్వాడు.

నేను నోరే తెరవలేదు. తెరిచినా ఏ అక్షరమని అరుస్తాను, ఎక్కడున్నానో నాకే తెలియనప్పుడు?

ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. టామ్‌తో వాదించలేదు. కార్‌లో కూర్చుని తనివితీరా ఏడ్చాను. మావారు పోయాక అంత హాయిగా ఏడ్చింది అప్పుడే. నీ మేలు మరిచిపోను హెలెన్ తల్లీ.