బలిఘట్టం నుంచి సైకిలు, అడ్డరోడ్డు బస్సు, ఏటికొప్పాకకి నడక

స్కూటీ మీంచి పడ్డాక నేను ఒంటరిగా గడప దాటడం మానేశాను. ఎక్కడికెళ్ళినా మా ఆయన బైకు వెనకే. ఈలోగా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే షెడ్డు నుంచి కబురొచ్చింది, ఆర్డర్లు చూసుకునే ఉద్యోగం ఉందని. శనివారం సాయంత్రంలోగా వస్తానో రానో చెప్పాలి. "రోజూ అంత దూరం నేను దింపలేనే" అన్నాడాయన. ఉన్న మాటే. అందుకని ఆ శనివారం పొద్దున్నే మా అమ్మాయి పాత సైకిలు దులిపి, బలిఘట్టం నుంచి బయల్దేరాను. వెళ్ళి రాగలిగితే ఉద్యోగం, లేకపోతే లేదు. మీలో ఎవరైనా సైకిలూ బస్సూ నడకా కలిపి పనికి వెళ్దామనుకుంటుంటే, ఇది మీకు పనికొస్తుంది.

ఆరున్నరకి ఊరంతా మంచు. పక్కనే ఉన్న వరాహ నది కనిపించడం లేదు, నీళ్ళ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చెరకు ట్రాక్టరొకటి రాసుకుంటూ పోయేసరికి సైకిలు ఆపేశాను. దిగి కాసేపు సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను, మళ్ళీ ఎక్కాను. కాసేపటికి నేను తొక్కుతున్నానో, ఆ తెల్లదనమే నన్ను మోసుకెళ్తోందో తెలియలేదు. నర్సీపట్నం బస్సు కాంప్లెక్స్ చేరడానికి అరగంట పట్టింది. దగ్గర్లోని స్టాండులో సైకిలు పెడితే పది రూపాయలు. అక్కడి పెద్దాయన "సాయంత్రం బేగి వచ్చీమ్మా, సీకటడితే నానుండను" అన్నాడు.

అడ్డరోడ్డు వెళ్ళే పల్లెవెలుగు ఎక్కాను. "ఆధార్ సూపించమ్మా" అన్నాడు కండక్టరు. ఆడవాళ్ళకి ఛార్జీ లేదు, మగవాళ్ళకే పాపం. గంటకు పైగా ప్రయాణం. కిటికీలోంచి తాటిచెట్లు ఒక్కొక్కటే మంచులోంచి వచ్చి, మళ్ళీ మంచులోకే పోతున్నాయి. కళ్ళు తెరుచుకునే కలగంటున్నట్టుంది. ఏటికొప్పాక మలుపులో దింపమని చెప్పి దిగాను.

అక్కడ టీకొట్టు నడిపే ఆవిడని ఊళ్ళోకి నడిస్తే ఎంతసేపని అడిగాను. నా భుజానున్న సంచీ, చెమట పట్టిన మొహం చూసి "ఆటో ఎక్కవేటి?" అంది.

"నడవాలనే వచ్చానండీ."

గొంతు తగ్గించి "ఇంటికాడ గొడవేటమ్మా?" అంది. నేను కాదంటున్న కొద్దీ ఆవిడకి నమ్మకం ముదిరిపోయింది. అడక్కుండానే రెండు ఇడ్లీలు పెట్టింది. సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోను. "కష్టంగా ఉంటే చెప్పు, వచ్చి తీసుకెళ్తా." పిక్కలు లాగేస్తున్నాయి. రమ్మనేద్దామనిపించింది, అబద్ధమెందుకు? "వద్దులెండి" అన్నాను.

టీకొట్టావిడ తల పట్టుకుంది. "మొగుడు పిలుస్తుంటే ఎల్లనంటావేటి, నీకేటైనా మతుందా?"

నవ్వాపుకుంటూ నడక మొదలెట్టాను. ఊరి దగ్గర వరాహ మళ్ళీ ఎదురైంది. పొద్దున్న చప్పుడుగా విన్న నీళ్ళు ఇక్కడ ఎండలో మెరుస్తున్నాయి. నాకెందుకో కళ్ళు చెమర్చాయి. షెడ్డు వాకిట్లో నిలబడి, లోపల మర తిరిగే చప్పుడు వింటూ, వేడి లక్క వాసన పీల్చాను. లోపలికి మాత్రం వెళ్ళలేదు, తిరుగుదారి ఇంకా మిగిలే ఉంది మరి.

పొద్దుగూకే లోపే ఇల్లు చేరాను. బైకు వెనక కూర్చున్నన్నాళ్ళూ దారిలో నాకు కనిపించింది మా ఆయన వీపే. ఇవాళ దారంతా నా కళ్ళ ముందే ఉంది. భయం పోయిందని చెప్పను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నాతోనే ఉంది, కానీ నన్నాపలేదు. మీరూ ఇలా బయల్దేరితే, బస్సు దిగేముందే తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టరును అడిగిపెట్టుకోండి, మధ్యాహ్నం దాటాక చాలాసేపు నిలబడాల్సి వస్తుంది.

చెప్పులైనా విప్పకుండా షెడ్డు యజమానికి ఫోను చేశాను.

"సోమవారం నుంచి వస్తానండీ."

"మంచిదమ్మా. మరి రోజూ ఎవరు దింపుతారు?"

"ఎవరూ దింపరండీ. నేనే వస్తాను."