నక్క కోసం దట్టించిన గుండు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో తరిగొప్పుల ఊరి దగ్గర మా మక్కజొన్న చేనులో నక్కలు, అడవిపందులు పడేవి. నాటు తుపాకిలో ఏం దట్టించాలని బామ్మర్దితో వాదన.

"నక్కకు సన్న ఇనుప రవ్వలు చాలు బావా. గుండు శానా దూరం పోతది," అన్నాడు.

"రవ్వలు తగిలితే పంది గోక్కొని పోతది," అని ఎగతాళి చేసి గుండే దట్టించాను.

సాయంత్రం కాల్చాను. నక్క తప్పించుకుంది. చేను అవతల, తండాలో ఉండే మంగ్లీ పాడిబర్రె కూలింది.

అదే సమయానికి రోడ్డు మీద పోలీసులు రాస్తారోకోను చెదరగొడుతున్నారు. "పోలీసోళ్ల తూటానే," అన్నారందరూ. మర్నాడు బర్రె కళేబరంతో ధర్నా చేస్తే, అందరికంటే గట్టిగా నేనే అరిచాను. లాఠీచార్జిలో మంగ్లీ చెయ్యి విరిగింది.

"నా బర్రె కోసం నువ్వే కొట్లాడినవన్నా," అంది దవాఖానలో.

రాష్ట్రం వచ్చింది. ఆమె చెయ్యి సరిగ్గా అతకలేదు. మంగ్లీ, ఆ గుండు నాది.